పీడీఎఫ్‌లు కలపడానికి ఏ టూల్? ముందు మీ ఫైలు ఎక్కడికి వెళ్తుందో చూడండి

రెండు మూడు పీడీఎఫ్‌లను ఒకే ఫైలుగా కలపాలి. అందుకు డబ్బు కట్టకూడదు, మన కాగితాలు పరాయి చేతుల్లో పడకూడదు. కోరిక చిన్నదే. కానీ సెర్చ్ చేస్తే ఒకదానికొకటి కవలల్లా ఉండే సైట్లు డజన్ల కొద్దీ ఎదురవుతాయి. అన్నీ ఉచితమే అంటాయి, అన్నీ సురక్షితమే అంటాయి. వాటి ఫీచర్లు పోల్చుకుంటూ కూర్చుంటే తేలేదేమీ ఉండదు. కలపడం అనే ఒక్క పని వరకూ అవన్నీ దాదాపు ఒకేలా చేస్తాయి. అసలు తేడా ఒక్కచోటే ఉంది: ఆ పని మీ కంప్యూటర్లో జరుగుతోందా, వాళ్ల సర్వర్లో జరుగుతోందా?

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, మనం పీడీఎఫ్‌లు కలిపే సందర్భాలు ఎలాంటివో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉద్యోగానికో, వీసాకో, లోనుకో, అద్దె ఇంటికో దరఖాస్తు పెట్టేటప్పుడే ఈ అవసరం ఎక్కువగా వస్తుంది. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, సంతకం చేసిన ఫారం అన్నీ వరసగా పేర్చి ఒకే ఫైలు చేస్తాం. ఇందులో ఏ ఒక్కటి విడిగా బయటపడినా కొంత ఇబ్బందే. అన్నీ కలిసి ఒకే ఫైలుగా బయటపడితే, మీ పేరుతో ఇంకొకరు ఖాతా తెరవడానికి కావలసిన సరంజామా మొత్తం మీరే సర్ది ఇచ్చినట్టు అవుతుంది. అందుకే ఫోటో సైజు తగ్గించే సైటు విషయంలో చూపే నిర్లక్ష్యం ఇక్కడ పనికిరాదు.

ఇది సర్వర్‌కి పంపాల్సినంత పని కాదు

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. 2008లో అది ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం అయింది. అంటే ఆ ఫైలు లోపల ఏది ఎలా ఉండాలో బహిరంగంగా రాసిపెట్టి ఉంది, ఎవరైనా దాన్ని చదివే, రాసే ప్రోగ్రామ్ తయారు చేసుకోవచ్చు. పీడీఎఫ్ లోపల పేజీలు, ఫాంట్లు, బొమ్మలు వేటికవి నంబర్లు వేసిన ముక్కలుగా ఉంటాయి. ఏ నంబరు ముక్క ఫైలులో ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. రెండు ఫైళ్లను కలపడమంటే ఆ ముక్కలన్నీ ఒకచోటికి తెచ్చి, కొత్త నంబర్లు వేసి, పేజీల వరసనూ పట్టికనూ మళ్లీ రాయడం. అంతే. బొమ్మల్ని విప్పి మళ్లీ కుదించనక్కర్లేదు, అక్షరాలను గుర్తుపట్టనక్కర్లేదు.

స్కాన్ చేసిన పేజీల్లోంచి అక్షరాలు లాగడం, పీడీఎఫ్‌ను వర్డ్ ఫైలుగా మార్చడం లాంటివి కాస్త బరువైన పనులు. వాటికి సర్వర్ కావాలంటే అర్థముంది. కలపడానికి మాత్రం పాత ల్యాప్‌టాప్ చాలు, ఫోన్ చాలు. కాబట్టి 'మీ ఫైలు అప్‌లోడ్ చేయండి' అని ఏ సైటైనా అడిగితే, అది పనికి అవసరమై అడగడం లేదు. ఆ సైటును కట్టిన పద్ధతి అది.

అప్‌లోడ్ చేయించుకునే సైట్లు

వీటిలో అందరికీ తెలిసినవి ఐలవ్‌పీడీఎఫ్, స్మాల్‌పీడీఎఫ్, సెజ్దా, అడోబీ వాళ్ల ఆన్‌లైన్ పేజీ. పేరున్న సంస్థలు ఇవి. పంపేటప్పుడు ఫైలును ఎన్‌క్రిప్ట్ చేస్తాయి (దారిలో ఎవరూ చదవలేని రూపంలోకి మారుస్తాయి), పని అయ్యాక కొంతసేపటికి తమ సర్వర్లోంచి తీసేస్తామని రాతపూర్వకంగా చెబుతాయి. స్మాల్‌పీడీఎఫ్ గంట అంటుంది, ఐలవ్‌పీడీఎఫ్ రెండు గంటలు అంటుంది. వీళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. అలా అనుకోవడానికి ఆధారమూ లేదు.

అయితే తీసేశారో లేదో మీరు వెళ్లి చూడలేరు. ఆ గంటా రెండు గంటల్లో ఫైలు ఎవరి కళ్లబడిందో తెలుసుకోలేరు. కొన్ని బ్రౌజర్లలో సైటు అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తు గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఆ తాళం దారి వరకే. మీ బ్రౌజర్ నుంచి సర్వర్ దాకా మధ్యలో ఎవరూ చదవకుండా అది కాపాడుతుంది. సర్వర్ చేరాక ఫైలును తెరవకపోతే కలపడం కుదరదు కాబట్టి, అక్కడ అది తెరిచే ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్న స్టేట్‌మెంట్ అయితే మరీ విచిత్రం: ఫైలుతో పాటు పాస్‌వర్డ్ కూడా మీరే టైప్ చేసి పంపుతారు.

అసలు భయం పేరున్న వాళ్లతో కాదు, వాళ్లను అనుకరించే వాళ్లతో. ఉచితంగా ఫైళ్లు మార్చిపెడతాం, కలిపిపెడతాం అనే సైట్ల ముసుగులో మోసాలు జరుగుతున్నాయని అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. ఇలాంటి సైటు అడిగిన పని నిజంగానే చేసిపెడుతుంది, అందుకే అనుమానం రాదు. తిరిగిచ్చే ఫైలులో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) దాచి ఉండొచ్చు, లేదా మీరు పంపిన కాగితాల్లోంచి వ్యక్తిగత నంబర్లు, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డ్‌లు ఏరుకోవచ్చు. సెర్చ్‌లో పైన కనిపించే మొదటి లింకు ప్రకటన అయ్యుండొచ్చన్నది కూడా మరిచిపోకండి.

మరి వీటిని అస్సలు వాడకూడదా? వాడొచ్చు. ఎలాగూ అందరికీ పంచబోయే కరపత్రం, పాఠం నోట్స్, వాడకం పుస్తకం, వంటివైతే ఏ సైటైనా ఒకటే. ఆ ఫైలును నోటీసు బోర్డు మీద అంటించడానికి మీకు అభ్యంతరం లేకపోతే అప్‌లోడ్‌కీ అభ్యంతరం అక్కర్లేదు. నేను పెట్టుకునే గీత అదే.

బ్రౌజర్లోనే పని ముగించే సైట్లు

చూడ్డానికి ఇవీ అలాగే ఉంటాయి. ఫైలు లాగి వదులుతారు, బటన్ నొక్కుతారు, కలిసిన ఫైలు దిగుతుంది. కానీ ఫైలు ఎక్కడికీ వెళ్లదు. కలపడానికి కావలసిన ప్రోగ్రామే మీ బ్రౌజర్‌లోకి వస్తుంది. పీడీఎఫ్-లిబ్ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలు, వెబ్ అసెంబ్లీ అనే సాంకేతికత వచ్చాక ఇది బాగా తేలికైంది. బెంటోపీడీఎఫ్ ఈ కోవలోదే. దాని కోడ్ బహిరంగంగా ఉంది, కావాలంటే మీ సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు కూడా. ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు కంప్యూటర్ మీద, ఆండ్రాయిడ్ ఫోన్ మీద నేనైతే ముందు ఇలాంటిదే వెతుకుతాను.

ఇబ్బంది ఏమిటంటే, 'మీ ఫైలు మీ పరికరం దాటదు' అని రాయడానికి ఖర్చేమీ కాదు. ఎవరైనా రాసుకోవచ్చు. అదృష్టవశాత్తూ ఈ ఒక్క మాటను మనమే పరీక్షించి చూడొచ్చు. ముందుగా ఎవరికీ పనికిరాని రెండు ఉత్త పీడీఎఫ్‌లు సిద్ధం చేసుకోండి. సైటు తెరిచి, వాటిని ఒకసారి మామూలుగా కలపండి. కొన్ని సైట్లు పని మొదలయ్యాకే కలిపే ప్రోగ్రామ్‌ను దించుకుంటాయి కాబట్టి ఈ మెట్టు వదిలేయకండి, వదిలేస్తే మంచి సైటు కూడా తప్పినట్టు కనిపిస్తుంది. తర్వాత అదే పేజీ తెరిచి ఉండగానే వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపేసి మళ్లీ కలపండి. కలిసిన ఫైలు దిగిందంటే పని మీ దగ్గరే జరిగింది. ఎర్రర్ వచ్చిందంటే సర్వర్ కోసం వెతుక్కుంటోందన్నమాట.

పరీక్ష నెగ్గిన సైటులో కూడా అసలు కాగితాలను నెట్ ఆపే కలపండి. ప్రైవేట్ విండోలో తెరిచి, పని అయ్యాక ఆ విండో మూసేసి, అప్పుడు నెట్ ఆన్ చేయండి. నెట్ లేనప్పుడు సైటు మీ ఫైలును దాచుకుని, నెట్ రాగానే పంపించే అవకాశం సిద్ధాంతపరంగా ఉంటుంది. ఈ జాగ్రత్తతో ఆ దారీ దాదాపు మూసుకుపోతుంది. కొంచెం సాంకేతికం తెలిసినవాళ్లు బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఫైలు పరిమాణానికి దగ్గరగా ఉండే డేటా ఏదైనా బయటికి పోతోందా అని చూసుకోవచ్చు.

ఇక్కడో పరిమితి ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. వెబ్ పేజీ మీరు తెరిచిన ప్రతిసారీ కొత్తగా దిగుతుంది. ఇవాళ నిజాయితీగా ఉన్న సైటు రేపు చేతులు మారొచ్చు, కోడ్ మారొచ్చు, మీకు తెలియదు. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రామ్ అలా రాత్రికి రాత్రి మారిపోదు, అప్‌డేట్ చేస్తే తప్ప. ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. వారం వారం ఇతరుల కాగితాలు కలిపే పని ఉన్నవాళ్లకు మాత్రం పెద్దదే. ఇంకో సంగతి, ఈ పద్ధతిలో ఫైళ్లన్నీ బ్రౌజర్ మెమరీలో కూర్చుంటాయి. వందల మెగాబైట్ల స్కాన్లు వేస్తే ఫోన్లో ట్యాబ్ చతికిలబడొచ్చు.

కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకునేవి

మ్యాక్ ఉన్నవాళ్లు ఏమీ వెతకనక్కర్లేదు. ప్రివ్యూ యాప్‌లో మొదటి ఫైలు తెరిచి, పక్కన థంబ్‌నెయిల్స్ (పేజీల చిన్న బొమ్మలు) కనిపించేలా పెట్టుకుని, రెండో ఫైలును ఆ థంబ్‌నెయిల్స్ మధ్యలోకి లాగి వదిలితే కలిసిపోతుంది. పేజీల వరస మార్చడం, అక్కర్లేనివి తీసేయడం కూడా అక్కడే. ఇంకా తొందరైతే ఫైండర్లో ఫైళ్లన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, క్విక్ యాక్షన్స్‌లో క్రియేట్ పీడీఎఫ్ నొక్కండి. ఒక్క జాగ్రత్త: ప్రివ్యూకు మార్పులను అడక్కుండానే అసలు ఫైలులో సేవ్ చేసేసే అలవాటు ఉన్నది. కాబట్టి ముందే డూప్లికేట్ తీసి, ఆ కాపీ మీద పని చేయండి.

విండోస్‌లో ఆ సౌకర్యం లేదు. మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌తో కొన్ని ఫోటోలను ఒకే పీడీఎఫ్ చేయొచ్చు గానీ, ఉన్న పీడీఎఫ్‌లను కలపడానికి అది పనికిరాదు. ఉచితంగా దొరికే అడోబీ రీడర్లో కలిపే బటన్ కనిపిస్తుంది, నొక్కితే డబ్బులు అడుగుతుంది. అందుకే సెర్చ్‌లోని సైట్లకు ఎక్కువగా చిక్కేది విండోస్ వాళ్లే. వాళ్లకు నేను చెప్పే పేర్లు మూడు.

మొదటిది పీడీఎఫ్‌సామ్ బేసిక్. ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ బహిరంగంగా ఉంటుంది), ఏళ్ల తరబడి నిలకడగా వస్తోంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. రూపం చూసి ముచ్చటపడేలా ఉండదు, పేజీల బొమ్మలు చూపించదు, ఫైళ్ల పట్టిక ఒకటి మాత్రం ఉంటుంది. కానీ కలపడంలో ఇంత వివరంగా ఆలోచించిన ఉచిత టూల్ అరుదు. ఫైళ్లలో ఉన్న బుక్‌మార్క్‌లు (నొక్కితే ఆ పేజీకి తీసుకెళ్లే శీర్షికలు) ఉంచాలా, తీసేయాలా, లేక ఒక్కో ఫైలుకు ఒక్కో బుక్‌మార్క్ కొత్తగా పెట్టాలా అని అడుగుతుంది. విషయసూచిక పేజీ తయారు చేసిపెడుతుంది. బేసి సంఖ్యలో పేజీలున్న ఫైలు చివర ఖాళీ పేజీ చేరుస్తుంది, రెండువైపులా ప్రింట్ తీసేటప్పుడు తర్వాతి పత్రం కొత్త కాగితం మీద మొదలవడానికి. ఇందులో నాకు బాగా నచ్చింది ఆల్టర్నేట్ మిక్స్. ఒకవైపే స్కాన్ చేసే యంత్రంలో కాగితాల కట్ట పెట్టి ముందు వైపులన్నీ ఒక ఫైలుగా, కట్ట తిప్పి వెనక వైపులన్నీ ఇంకో ఫైలుగా తీస్తే, రెండోది తలకిందుల వరసలో వస్తుంది కదా. ఇది రెండో ఫైలును చివర్నుంచి చదువుతూ ఒకటి విడిచి ఒకటి పేజీలు అల్లేస్తుంది.

దీన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం కళ్లు తెరిచి ఉండాలి. డబ్బుతో వచ్చే దాని పెద్దన్న వెర్షన్‌ను కూడా పెట్టుకోమని సూచన రావొచ్చు, వద్దనుకుంటే టిక్ తీసేయండి. ఇన్‌స్టాలర్ అక్కర్లేని పోర్టబుల్ వెర్షన్ ఉంది, అది తీసుకుంటే ఆ గొడవే లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లు, వార్తల కోసం నెట్‌లోకి వెళ్లే టిక్కులు కూడా తీసేస్తే యాప్ పూర్తిగా తన పని తాను చూసుకుంటుంది.

రెండోది పీడీఎఫ్ అరేంజర్. ఇదీ ఓపెన్ సోర్సే, లినక్స్‌లో పుట్టి విండోస్‌కి వచ్చింది. ఫైళ్లు తెరవగానే పేజీలన్నీ చిన్న బొమ్మలుగా పరుచుకుంటాయి. పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపడం, అడ్డంగా స్కాన్ అయినదాన్ని తిప్పడం, ఖాళీ పేజీ తీసేయడం, అంచులు కత్తిరించడం అన్నీ చూస్తూ చేయొచ్చు. దరఖాస్తు కాగితాలు సర్దేవాళ్లకు నేను పీడీఎఫ్‌సామ్ కంటే ముందు ఇదే చెబుతాను. ఎందుకంటే అక్కడ ఏ పేజీ ఎక్కడుందో కంటికి కనపడాలి, ఫైళ్ల పేర్లు చూస్తే సరిపోదు.

మూడోది పీడీఎఫ్24 క్రియేటర్. జర్మనీ సంస్థ తయారీ, విండోస్‌లో ఉచితంగా నడుస్తుంది, నెట్ లేకుండా పని చేస్తుంది. కలపడమే కాదు, పీడీఎఫ్‌తో అవసరమయ్యే సవాలక్ష పనులు అందులో ఉన్నాయి. కోడ్ మాత్రం బహిరంగం కాదు. ఈ పేరుతోనే ఆన్‌లైన్ సైటు కూడా ఉంది, అక్కడ ఫైళ్లు వాళ్ల సర్వర్‌కి వెళ్తాయి. పేరు ఒకటే అయినా దారులు వేరు, కాబట్టి ఏది వాడుతున్నారో గమనించుకోండి. 'ఓపెన్ సోర్స్ అయితేనే నమ్ముతాను' అనే పట్టింపు లేనివాళ్లకు, అన్నీ ఒకేచోట ఉండాలనుకునేవాళ్లకు ఇది బాగుంటుంది.

ఉచిత ఆఫీస్ ప్యాకేజీ లిబ్రేఆఫీస్ ఎలాగూ ఉంది కదా, అందులోని డ్రాలో తెరిచి కలిపేద్దాం అనుకునేవాళ్లు కొందరుంటారు. వద్దు. డ్రా పీడీఎఫ్ పేజీని విడదీసి మార్చదగిన ముక్కలుగా తెరుస్తుంది. ఆ క్రమంలో ఫాంట్లు మారిపోతాయి, గీతలు జరిగిపోతాయి. తెలుగు అక్షరాలున్న పేజీ అయితే ఒత్తులు ఎక్కడికి పోతాయో చెప్పలేం. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా వద్దు. మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి అడిగే ఎక్స్‌టెన్షన్‌ను రెండు ఫైళ్లు కలపడం కోసం పెట్టుకోవడం బొత్తిగా నష్టపు బేరం.

కమాండ్ లైన్ (బటన్లు లేకుండా ఆదేశాలు టైప్ చేసే పద్ధతి) అంటే బెదరని వాళ్లకు క్యూపీడీఎఫ్ ఉంది. నా లెక్కలో అన్నిటికంటే నిక్కచ్చిగా పని చేసేది అదే. మొదటి ఫైలులో ఫలానా పేజీలు, రెండో ఫైలులో చివరి పేజీ, అని విడివిడిగా చెప్పొచ్చు. ఫైలుకు పాస్‌వర్డ్ వేస్తుంది, తీస్తుంది. పీడీఎఫ్ అరేంజర్ లోపల ఉన్న ఇంజిన్ కూడా దీని మీద కట్టిందే. లినక్స్‌లో పీడీఎఫ్‌యునైట్ ఇంకా సులువు, ఫైళ్ల పేర్లు వరసగా రాసి చివర కొత్త ఫైలు పేరు రాస్తే చాలు. ఆ చివరి పేరు రాయడం మరిచిపోయారో, వరసలో ఆఖరున ఉన్న మీ అసలు ఫైలు మీదే కలిపినదాన్ని రాసేస్తుంది, అడగను కూడా అడగదు. అందుకని కాపీల మీదే వాడండి.

చిన్న ఆఫీసుకో, ఇంట్లో అందరికో ఒకే టూల్ కావాలంటే స్టర్లింగ్ పీడీఎఫ్‌ను సొంత కంప్యూటర్లో సర్వర్‌గా నడుపుకోవచ్చు, తక్కినవాళ్లు బ్రౌజర్లో వాడుకుంటారు. సర్వర్ ప్రోగ్రామ్‌లు నడపడానికి వాడే డాకర్ అలవాటు ఉన్నవాళ్లకే ఈ మాట. ఒక మనిషి అవసరానికి ఇంత హంగు దండగ.

ఫోన్ సంగతి

ఐఫోన్లో ఫైల్స్ యాప్ చాలు. కావలసిన ఫైళ్లు ఎంచుకుని, కింద మూడు చుక్కలు నొక్కితే క్రియేట్ పీడీఎఫ్ వస్తుంది. పేజీల వరస మీరనుకున్నట్టే వచ్చిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఆండ్రాయిడ్‌లో అన్ని ఫోన్లలో ఒకేలా దొరికే సొంత సదుపాయం లేదు, యాప్ స్టోర్‌కి వెళ్తే మాత్రం యాప్‌ల సంత. స్టోర్‌లో 'డేటా సేఫ్టీ' అని కనిపించేది యాప్ తయారుచేసినవాళ్లు తమ గురించి తాము రాసుకున్నది. దానికంటే అనుమతుల జాబితా చూడటం మేలు. పీడీఎఫ్‌లు కలిపే యాప్‌కు నెట్‌వర్క్ అనుమతి ఎందుకు? ఎక్కువగా ప్రకటనల కోసం, కొన్నిసార్లు అప్‌లోడ్ కోసం. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల కొట్టులో నెట్‌వర్క్ అనుమతే అడగనివి వెతుక్కోవచ్చు. అంత ఓపిక లేకపోతే పైన చెప్పిన బ్రౌజర్ పద్ధతి, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి. కాంటాక్టులు, లొకేషన్ అడిగే యాప్ అయితే ఆలోచించనక్కర్లేదు, తీసేయడమే.

ఫోన్లో ఉన్న కాగితాలను కంప్యూటర్‌కి తెచ్చుకోవడానికి మెయిల్లో మనకు మనమే పంపుకుంటాం. కలిపేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా ఆ మెయిల్ అక్కడే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. కేబుల్ పెట్టి కాపీ చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

కలిపితే పోయేవి, కలిపినా పోనివి

డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను వేరేదానితో కలిపితే ఆ సంతకం చెల్లదు. సంతకం వేసినప్పుడు ఫైలులో ఉన్న బైట్ల మీద అది ఆధారపడుతుంది, కలిపితే ఆ బైట్లు మారతాయి. ఏ టూల్ వాడినా ఇంతే, టూల్ లోపం కాదు. సంతకం ఉన్నదాన్ని విడిగానే పంపించండి. పంపేచోట ఒకే ఫైలు కావాలని పట్టుబడితే, కలిపిన ఫైలుతో పాటు సంతకం ఉన్న అసలు ఫైలును కూడా దగ్గర పెట్టుకోండి.

ఒకే ఫారాన్ని ఇద్దరు ముగ్గురు నింపి ఇచ్చారనుకోండి. వాటిని కలిపితే ఒకే పేరున్న గడులు ఒకే గడిగా మారి, ఒకరి పేరు మరొకరి ఫారంలో కనిపించే ప్రమాదం ఉంది. పీడీఎఫ్‌సామ్‌లో గడుల పేర్లు మార్చి కలిపే ఐచ్ఛికం ఉన్నది ఇందుకే. ఇతర టూల్స్‌తో అయితే ఒక్కో ఫారాన్నీ ముందు ప్రింట్ టు పీడీఎఫ్ చేసి, గడులను మామూలు అక్షరాలుగా మార్చి కలపడం సులువు. లింకులు, బుక్‌మార్క్‌లు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు దారి చూపే ట్యాగులు కూడా కొన్ని టూల్స్‌లో రాలిపోతాయి. పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లను కలిపితే వచ్చే కొత్త ఫైలుకు సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు, మళ్లీ మీరే వేయాలి.

ఇక పోనివి. నల్ల గడి గీసి కప్పిన ఖాతా నంబరు కింద అసలు అంకెలు అలాగే ఉంటాయి. సెలెక్ట్ చేసి కాపీ చేస్తే బయటికొచ్చేస్తాయి. కలపడం వల్ల అవి చెరిగిపోవు. దాయాల్సిన భాగం ఉంటే ఆ పేజీని ముందే బొమ్మగా మార్చి, బొమ్మలోనే చెరిపి, అప్పుడు కలపండి. ఫైలు లోపల దాగి ఉండే వివరాలూ అంతే: రాసినవాళ్ల పేరు, శీర్షిక, తేదీ, ఏ ప్రోగ్రామ్‌తో తయారైందనేది. కలిపిన ఫైలుకు చాలాసార్లు మొదటి ఫైలు శీర్షికే అంటుకుంటుంది. వేరే కంపెనీకి రాసిన దరఖాస్తు పేరు కొత్త కంపెనీ తెర మీద ట్యాబ్‌లో కనిపిస్తే బాగుండదు కదా. పంపే ముందు ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూడండి. ఎగ్జిఫ్‌టూల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో ఆ వివరాలు తీసేసేవాళ్లకు ఓ మాట: పీడీఎఫ్ విషయంలో అది పాత సమాచారాన్ని ఫైలులోనే ఉంచి కొత్త మార్పును చివర చేరుస్తుంది. అంటే తీసేసినవి తిరిగి రప్పించొచ్చు. ఆ తర్వాత క్యూపీడీఎఫ్‌తో లీనియరైజ్ చేసి (ఫైలును మొదటి నుంచి మళ్లీ పేర్చి) కొత్త ఫైలు రాయిస్తేనే పూర్తిగా పోతాయి.

మొదలుపెట్టే ముందు, అయిపోయాక

ఫైళ్ల పేర్ల ముందు 01, 02, 03 అని వేసుకోండి. ఉత్త 1, 2, 3 అని పెడితే కొన్ని టూల్స్ 1 తర్వాత 10ని తెస్తాయి. అన్నీ ఒక కొత్త ఫోల్డర్లో పెట్టుకోండి. ఆ ఫోల్డర్ క్లౌడ్‌కి తనంతట తాను సింక్ అయ్యేది కాకూడదు. చాలా కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే క్లౌడ్‌లో ఉంటాయి. ఎంత ఆఫ్‌లైన్ టూల్ వాడినా, కలిసిన ఫైలు అక్కడ పడిందంటే మరుక్షణం అప్‌లోడ్ అయిపోతుంది. అది మీకు ఇష్టమై చేసుకున్న ఏర్పాటైతే సరే.

ఏ టూల్ అయినా దాని సొంత సైటు నుంచో, ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల స్టోర్ నుంచో దించుకోండి. పేరున్న ఉచిత టూల్స్‌కు నకిలీ డౌన్‌లోడ్ పేజీలు ఉంటాయి.

కలిపిన ఫైలును కలిపిన టూల్‌లో కాకుండా వేరే రీడర్లో తెరిచి, పేజీల లెక్క సరిపోయిందా, అడ్డంగా ఉన్న పేజీలు ఏమైనా ఉన్నాయా చూడండి. ఒకే ఫాంట్ వాడిన ఫైళ్లు కలిపితే చాలా టూల్స్ ఆ ఫాంట్‌ను ప్రతి ఫైలు తరఫునా మళ్లీ మళ్లీ ఉంచేస్తాయి, అందుకని ఫైలు అనుకున్నదానికంటే లావుగా వస్తే కంగారు పడకండి. పంపేచోట పరిమాణం మీద పరిమితి ఉంటే కుదించడం కూడా సైటులో చేయకండి, అది మళ్లీ అప్‌లోడే. మ్యాక్ ప్రివ్యూలో ఉన్న సైజు తగ్గించే ఫిల్టర్ స్కాన్లను చదవలేనంత మసకగా చేస్తుంది కాబట్టి నేను దాన్ని సిఫారసు చేయను. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే కమాండ్ లైన్ టూల్‌తో గానీ, విండోస్‌లో పీడీఎఫ్24 క్రియేటర్‌తో గానీ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, అక్షరాలు చదవగలిగేంతలో ఆపండి. అన్నిటికంటే నయం, స్కాన్ చేసేటప్పుడే రంగు అక్కర్లేని కాగితాలను నలుపు తెలుపులో, 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దాటకుండా తీసుకోవడం.